కుక్క తుంటికి కొత్త కీలు: ఎవరికి, ఎప్పుడు, ఎంతవరకు?

మహాశివరాత్రికి మేళ్లచెరువులో శంభులింగేశ్వరస్వామి జాతర ఎంత ఘనంగా జరుగుతుందో, ఎడ్ల బండలాగుడు పోటీలు అంత జోరుగా సాగుతాయి. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ విభాగాలు కట్టి ఒంగోలు జాతి ఎడ్ల జతలను బరిలోకి దించుతారు. చుట్టూ చేరిన రైతులు బండ ఎన్ని అడుగులు కదిలిందో చూడకముందే ఎద్దు నడక చూసి ఒక అంచనాకు వచ్చేస్తారు. వెనక కాళ్లు ఎడంగా పడుతున్నాయా, తుంటి దగ్గర కండ రెండు వైపులా సమంగా ఉందా, ఏ కాలి మీదైనా బరువు తప్పిస్తోందా అని చూస్తారు. పశువు నడకను ఇంత నిశితంగా కనిపెట్టే ఊళ్లలోనే, వాకిట్లో కట్టేసిన ల్యాబ్రడార్ లేవడానికి తంటాలు పడుతుంటే మాత్రం "తిని తిని ఒళ్లొచ్చింది, బద్ధకం" అనేస్తారు. ఆ బద్ధకం చాలాసార్లు నొప్పి.

మేళ్లచెరువు చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు, వాటి క్వార్టర్లు, మిర్యాలగూడలో రైస్‌మిల్లులు, కోదాడ, సూర్యాపేటల్లో కొత్తగా లేచిన కాలనీలు. కాపలాకో, పిల్లల ముచ్చటకో జాతి కుక్కలు ఇళ్లలోకి వస్తున్నాయి. ల్యాబ్, అల్సేషియన్ అని పిలుచుకునే జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్, రాట్‌వైలర్. ఈ నాలుగు జాతులకూ పుట్టుకతో వెంట వచ్చే ముప్పు ఒకటుంది. దాని పేరు హిప్ డిస్‌ప్లేసియా. తుంటి కీలు సరిగా కుదరకపోవడం. ఈ జబ్బు ముదిరినప్పుడు చేసే పెద్ద ఆపరేషనే తుంటి మార్పిడి. మనుషులకు చేస్తారని అందరికీ తెలుసు, కుక్కలకూ చేస్తారని తెలిసినవాళ్లు తక్కువ. తెలిశాక అడిగే ప్రశ్నలు మాత్రం ఒకటే తీరు: పని చేస్తుందా, ఎక్కడ చేస్తారు, ఎంతవుతుంది, మా కుక్కకు అవసరమా?

చివరి ప్రశ్నకు జవాబు దొరికితే మిగతావాటికి దారి దొరుకుతుంది. ముందు జబ్బు సంగతి.

తుంటి కీలులో తొడ ఎముక తల గుండ్రటి బంతిలా ఉంటుంది, కటి ఎముకలో దానికి సరిపడే గుంట ఉంటుంది. కుక్కపిల్ల పుట్టినప్పుడు ఈ కీలు దాదాపు మామూలుగానే ఉంటుంది. తేడా మొదటి నెలల్లో వస్తుంది. కీలును పట్టి ఉంచే తాళ్లు వదులైతే నడిచినప్పుడల్లా బంతి గుంటలోంచి కాస్త పైకి జారి మళ్లీ లోపల పడుతుంది. నిమ్మకాయ పట్టే గిన్నెలో గోలీకాయ వేసి ఊపినట్టు ఉంటుంది ఆ కదలిక. ఎదిగే ఎముక మెత్తగా ఉంటుంది కాబట్టి ఈ ఒరిపిడికి గుంట అంచు అరిగి చదునవుతుంది, బంతి గుండ్రదనం పోతుంది. మృదులాస్థి ఊడి, అంచుల్లో కొత్త ఎముక ముళ్లలా పెరిగి, కీళ్లవాతంగా మారుతుంది. కొన్ని కుక్కలు 5 నుంచి 10 నెలల మధ్యే కుంటడం మొదలుపెడతాయి. కొన్ని ఏళ్ల తరబడి నెట్టుకొచ్చి ముసలితనంలో కూలబడతాయి.

ఇంట్లోవాళ్లు గమనించగల గుర్తులు కొన్ని ఉన్నాయి. పరుగెత్తేటప్పుడు వెనక కాళ్లు రెండూ ఒకేసారి కుందేలులా వేస్తుంది. కూర్చున్నది లేవాలంటే ముందు కాళ్లతో ఒంటిని లాక్కుంటుంది. మెట్ల దగ్గర ఆగి ఆలోచిస్తుంది. కారెక్కమంటే ముందు కాళ్లు పెట్టి వెనక్కి చూస్తుంది. బరువంతా ముందుకు నెట్టడం వల్ల భుజాలు బలిసి, పిరుదులు చిక్కుతాయి. మామూలు కుక్క తన బరువులో 60 శాతం ముందు కాళ్ల మీదే మోస్తుంది. తుంటి నొప్పి ఉన్న కుక్క ఇంకాస్త ముందుకు మోపుతుంది. టైల్స్, గ్రానైట్ పరిచిన నున్నటి నేల మీద వెనక కాళ్లు పక్కలకు జారిపోతుంటే అది కుక్కకు ప్రతిరోజూ నరకమే.

ఈ జబ్బును కుక్కల్లో మొదట వర్ణించింది అమెరికా పశువైద్యుడు గెర్రీ ష్నెల్, 1930ల్లో. అప్పట్లో అరుదనుకున్నారు. ఎక్స్‌రేలు తీయడం పెరిగేకొద్దీ అది ఎంత సర్వసాధారణమో బయటపడింది. తుపాకుల కంపెనీ అధిపతి జాన్ ఓలిన్ తన వేట ల్యాబ్రడార్లలో ఈ జబ్బు చూసి కలత చెంది పూనుకోవడంతో 1966లో ఆర్థోపెడిక్ ఫౌండేషన్ ఫర్ యానిమల్స్ అనే సంస్థ పుట్టింది. రెండేళ్లు నిండిన కుక్కల తుంటి ఎక్స్‌రేలు చూసి ఏడు అంచెల్లో మార్కులు వేయడం ఆ సంస్థ పని. 1980ల్లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో గెయిల్ స్మిత్ ఇంకో పద్ధతి తెచ్చారు. మత్తిచ్చిన కుక్క తుంటిని కాస్త ఎడంగా లాగి ఎక్స్‌రే తీసి, కీలు ఎంత వదులుగా ఉందో అంకెల్లో కొలుస్తారు. దీన్ని 16 వారాల పిల్లలోనే చేయవచ్చు. పెన్‌హిప్ అనే ఈ పద్ధతి గొప్పతనం అదే: జబ్బు రాకముందే వచ్చే అవకాశం తెలుస్తుంది.

చేతితో చేసే పరీక్ష కూడా ఉంది. 1937లో ఇటలీ పిల్లల డాక్టర్ మారినో ఓర్టొలాని పసిబిడ్డల కోసం చెప్పిన పద్ధతినే పశువైద్యులు కుక్కలకు వాడుతున్నారు. మత్తులో ఉన్న కుక్క తొడను వెన్ను వైపు నొక్కి పట్టుకుని మెల్లగా బయటికి తిప్పితే, వదులు కీలు ఉన్నచోట జారిన బంతి "టక్" మని లోపల పడుతుంది. చేతికి తెలుస్తుంది, ఒక్కోసారి చెవికి వినిపిస్తుంది.

ఎక్స్‌రే విషయంలో ఒక హెచ్చరిక అవసరం. తుంటి బొమ్మ భయంకరంగా ఉన్న కుక్క హాయిగా పరుగెత్తవచ్చు, బొమ్మ కాస్త బాగున్న కుక్క నొప్పితో విలవిల్లాడవచ్చు. పెద్ద కుక్క వెనక కాలు కుంటుతుంటే అది మోకాలి లోపలి తాడు తెగడం కావచ్చు. ముసలి జర్మన్ షెపర్డ్‌కు వెన్నుపాము జబ్బు కావచ్చు, అప్పుడు నొప్పి ఉండదు కానీ కాళ్లు ఈడుస్తుంది, గోళ్లు నేలకు రాసుకుని అరుగుతాయి. అలాంటి కుక్కకు లక్షలు పోసి తుంటి మార్చినా నడక రాదు. అందుకే ఎక్స్‌రే ఫోటో వాట్సాప్‌లో పంపి ఆపరేషన్ తేల్చుకోవడం తప్పు. డాక్టర్ చేయి కుక్క మీద పడాలి.

తుంటి మార్పిడి చరిత్ర మనుషులతో ముడిపడి ఉంది. ఇంగ్లండ్‌లోని రైటింగ్‌టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ 1960ల మొదట్లో లోహపు బంతి, గట్టి ప్లాస్టిక్ గిన్నె, ఎముకకు పట్టించే యాక్రిలిక్ సిమెంటు కలిపి కృత్రిమ తుంటిని నిలబెట్టారు. కుక్కలకు ఆ విద్యను పట్టుదలగా మలిచినవారు ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలోని బ్రూస్ హాన్, మార్విన్ ఓమ్‌స్టెడ్‌లు. 1970ల్లో మొదలుపెట్టి, ఐదేళ్లలో చేసిన 221 మార్పిడుల ఫలితాలను 1983లో ప్రచురించారు. ఆ తర్వాత బంతి, కాడ, గిన్నె విడివిడి సైజుల్లో దొరికే కీళ్లు 1990 ప్రాంతంలో వచ్చాయి. సిమెంటు అక్కర లేకుండా ఎముకే లోహపు గరుకు ఉపరితలంలోకి పెరిగి పట్టుకునే రకాలూ వచ్చాయి. స్విట్జర్లాండ్‌లో స్లోబొడన్ టెపిచ్, పియేర్ మోంతవాన్‌లు రూపొందించిన జ్యూరిచ్ కీలు వీటిలో ఒకటి, అమెరికాలో బయోమెడ్‌ట్రిక్స్ తెచ్చినది మరొకటి. చిన్న కుక్కలకు, పిల్లులకు సరిపడే బుల్లి కీళ్లు కూడా ఇప్పుడున్నాయి. మనుషులకు వాడే సిమెంటు లేని కీళ్లలో ఎముక ఎలా పెరుగుతుందో ముందుగా పరీక్షించిన జంతువుల్లో కుక్కలు ముఖ్యమైనవి. మనిషి హాయిగా నడవడానికి కుక్క ఇచ్చిన ఆ సాయానికి కుక్కల తుంటి మార్పిడిని తిరిగి చెల్లిస్తున్న బాకీ అనడం అతిశయోక్తి కాదు.

ఆపరేషన్ గదిలో ఏం జరుగుతుందో దగ్గరగా చూస్తే దీనికి ఇంత ఖర్చు, ఇంత నైపుణ్యం ఎందుకో అర్థమవుతుంది. ముందే కొలత గుర్తు పక్కన పెట్టి ఎక్స్‌రే తీసి, ఏ సైజు కాడ, ఏ సైజు గిన్నె పడుతుందో లెక్కగడతారు. ఒక సైజు అటూ ఇటూ కూడా బల్ల మీద సిద్ధంగా ఉండాలి. కుక్కను పక్కకు పడుకోబెట్టి, కాలు మొత్తం గొరిగి, శుభ్రం చేస్తారు. తుంటి ముందు వైపు నుంచి కోసి, కండరాలను పక్కకు తప్పించి, కీలును బయటికి తీస్తారు. చెడిన బంతిని రంపంతో కోసేస్తారు. కటి గుంటను గుండ్రటి రీమర్‌తో, ఎముకలోంచి రక్తం చిప్పిల్లే దాకా తొలుస్తారు. అందులో గిన్నెను సుత్తితో దిగ్గొడతారు. తొడ ఎముక నడిమి గొట్టాన్ని ఆకురాళ్లతో వరసగా పెద్దది చేసుకుంటూ పోయి లోహపు కాడను బిగిస్తారు. దాని మీద నున్నటి లోహపు బంతి. బంతిని గిన్నెలోకి దించి, కాలిని అన్ని వైపులా తిప్పి, ఎక్కడా జారడం లేదని చూసుకుని మూసేస్తారు. గిన్నె కోణం కొన్ని డిగ్రీలు తప్పితే తర్వాత కీలు ఊడుతుంది. గాలిలోంచి ఒక్క సూక్ష్మజీవి లోహానికి పట్టుకుంటే కీలు మొత్తం తీసేయాల్సి రావచ్చు. అందుకే ఈ ఆపరేషన్ చేసే గదుల్లో వడగట్టిన గాలి, తలుపులు తీయడం మీద ఆంక్షలు, మాస్కు వెనక మాట్లాడటం మీద కూడా ఆంక్షలు ఉంటాయి.

ఫలితం బాగుంటే అద్భుతంగా ఉంటుంది. అనుభవం ఉన్న కేంద్రాలు పదింట తొమ్మిది కుక్కలు నొప్పి లేకుండా తిరుగుతున్నాయని చెబుతున్నాయి. చాలా కుక్కలు మర్నాడే ఆ కాలు మోపుతాయి. రెండు తుంటులూ చెడినా ఒక వైపు మారిస్తే సరిపోయే కుక్కలు చాలానే ఉంటాయి. కుక్క నొప్పి తక్కువ ఉన్న కాలి మీద బరువు వేసుకోవడం నేర్చుకుంటుంది. మిగతా చికిత్సలేవీ తుంటిని మామూలు తుంటిలా చేయలేవు, ఇదొక్కటే చేయగలదు. ఇందులో వైద్యుల మధ్య పెద్దగా వాదం లేదు.

ఇక్కట్లు కూడా నిజమే. మొదటి వారాల్లో కీలు జారడం, తొడ ఎముక పగలడం, చీము, ఏళ్ల తర్వాత కాడ వదులవడం. ఇవి వస్తే మళ్లీ ఆపరేషన్, ఒక్కోసారి కీలు పూర్తిగా తీసేయడం. ఆపరేషన్ తర్వాత మొదటి రెండు మూడు నెలలు ఇంటివాళ్లకు పరీక్ష. మెట్లు లేవు, దూకడం లేదు, మంచం ఎక్కడం లేదు, ఇంకో కుక్కతో కుస్తీ లేదు. విసర్జనకు తీసుకెళ్లేటప్పుడు పొత్తికడుపు కింద తువ్వాలు వేసి ఎత్తి పట్టుకోవాలి. గేటు తీస్తే రోడ్డు మీదికి ఉరికే కుక్క ఉన్న ఇంట్లో, పగలంతా ఎవరూ ఉండని ఇంట్లో ఈ నియమాలు నిలవడం కష్టం. ఇది మొహమాటం లేకుండా ముందే చెప్పే డాక్టర్‌నే నమ్మాలి.

మన ప్రాంతానికి సంబంధించి ఇంకో అడ్డంకి ఉంది. గోమార్లు. గోమార్ల ద్వారా వచ్చే ఎర్లీకియా లాంటి జ్వరాల్లో రక్తాన్ని గడ్డకట్టించే కణాలు పడిపోతాయి. అలాంటి కుక్కను కోస్తే రక్తస్రావం ఆగదు. చర్మం మీద పుండ్లు, చెవిలో చీము, కుళ్లిన పళ్లు ఉన్నా అక్కడి సూక్ష్మజీవి రక్తంలోంచి కొత్త కీలుకు చేరవచ్చు. తుంటి మార్పిడి గురించి మాట్లాడేముందు గోమార్లు, చర్మం, పళ్లు బాగు చేసుకోవాలి. ఇది మేళ్లచెరువులోనే చేయగల పని, ఖర్చూ తక్కువ.

ఇక ఎక్కడ చేస్తారన్న ప్రశ్న. మేళ్లచెరువు నుంచి కోదాడ చేరితే హైదరాబాద్-విజయవాడ హైవే మీద రెండు దారులున్నాయి. తూర్పుకు వెళితే విజయవాడ దాటాక గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. పడమటికి వెళితే రాజేంద్రనగర్‌లో పి.వి.నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం, అందులో 1946లో మొదలైన పశువైద్య కళాశాల ఉన్నాయి. రెండు చోట్లా శస్త్రచికిత్స విభాగాలున్నాయి. ఎక్స్‌రే తీసి, మత్తులో తుంటి పరీక్షించి, జబ్బు ఏ దశలో ఉందో తేల్చుకోవడానికి ఇవి సరైన చోట్లు. తెలంగాణలో 2017లో మొదలైన 1962 నంబరు సంచార పశువైద్య వాహనాలు ప్రధానంగా పాడి పశువుల కోసం. వాటి నుంచి ఇలాంటి వైద్యం ఆశించలేం.

తుంటి మార్పిడి మన దేశంలో ఇప్పటికీ కొద్దిమంది సర్జన్ల చేతిలోనే ఉంది. కీలు, దానికి సరిపడే రంపాలు, రీమర్ల సెట్టు విదేశాల నుంచి రావాలి. అమెరికాలో ఒక తుంటికి 5,000 నుంచి 7,000 డాలర్లు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ అవుతుంది. దిగుమతి కీలుతో చేయిస్తే ఇక్కడా ఖర్చు లక్షల్లోనే. అక్కడ కొన్ని కుటుంబాలు పెంపుడు జంతువుల బీమా మీద ఆధారపడతాయి. మన దేశంలోనూ కుక్కల బీమా మొదలైంది. అయితే వంశపారంపర్య జబ్బులకు వర్తిస్తుందో లేదో పాలసీ కాగితంలో చదివి గానీ సంతకం పెట్టకూడదు.

ఈ నేపథ్యంలో 2025లో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్ నుంచి వచ్చిన వార్త ముఖ్యమైనది. అక్కడి భారత పశువైద్య పరిశోధన సంస్థ దేశీయంగా తయారైన కృత్రిమ తుంటితో కుక్కలకు మార్పిడి చేసినట్టు ప్రకటించింది. వాటిలో ఒకటి పోలీసు కుక్క. దేశంలో తయారైన కీలు అంటే ధర తగ్గుతుంది, సైజుల కోసం ఎదురుచూపు తగ్గుతుంది. అంతకంటే ముఖ్యంగా ప్రభుత్వ పశువైద్య కళాశాలల్లో యువ సర్జన్లు నేర్చుకోవడానికి వీలవుతుంది. ఆ పరిజ్ఞానాన్ని రాజేంద్రనగర్, తిరుపతి పశువైద్య కళాశాలలు తెచ్చుకోవాలి. తెలంగాణ పోలీసులు మొయినాబాద్‌లోని శిక్షణ కేంద్రంలో జాగిలాలను ఎన్నో నెలలు తీర్చిదిద్ది జిల్లాలకు పంపుతారు. అంత శిక్షణ పొందిన జాగిలం తుంటి నొప్పితో మూడేళ్లకే విధుల నుంచి తప్పుకుంటే పోయేది ఒక్క కుక్క కాదు. ఆ లెక్కన చూసినా ప్రభుత్వానికి ఇది దండగ ఖర్చు అవదు.

అయితే కోదాడ హైవే పక్కన లారీ గుద్దిన వీధికుక్కకో, మార్పిడికి డబ్బు లేని ఇంటి కుక్కకో దారి లేదా? ఉంది. దెబ్బతిన్న బంతిని కోసి తీసేసి, కొత్తదేమీ పెట్టకుండా వదిలేసే ఆపరేషన్. మనుషుల్లో గిర్డిల్‌స్టోన్ పేరుతో పిలిచే ఈ పద్ధతిని 1961లో పశువైద్యుడు స్ప్రూల్ కుక్కల కోసం వివరించారు. ఎముకకూ ఎముకకూ రాపిడి పోతుంది, కాబట్టి నొప్పి పోతుంది. ఆ ఖాళీలో కండ, పీచు కణజాలం నిండి ఒక నకిలీ కీలులా పనిచేస్తుంది. కాలు కాస్త పొట్టవుతుంది, నడకలో చిన్న తేడా మిగులుతుంది. 20 కిలోల లోపు కుక్కల్లో ఫలితం బాగుంటుంది. 35 కిలోల ల్యాబ్‌లో అంత బాగుండదు కానీ, నిత్య నొప్పి కంటే చాలా మేలు. లోహం లేదు, దిగుమతి లేదు, గాలి వడగట్టే గది కచ్చితంగా ఉండాలన్న నియమం లేదు. ఈ ఆపరేషన్‌లో గెలుపు కత్తి కంటే తర్వాతి వ్యాయామం మీద ఆధారపడుతుంది. కుట్లు మానక ముందు నుంచే రోజూ కాలిని మెల్లగా చాచి ముడవాలి, తాడు పట్టుకుని నెమ్మదిగా నడిపించాలి, తర్వాత ఈత కొట్టించాలి. కాలువ గట్టున ఇల్లున్నవాళ్లకు ఆ ఈత ఖర్చు లేని వైద్యం, ప్రవాహం లేనిచోట, ఛాతీ పట్టీ కట్టి పట్టుకుని చేయిస్తే. కుక్క ఆ కాలు ఎత్తుకునే తిరుగుతోందని జాలిపడి వదిలేస్తే కండ చిక్కి కాలు పనికిరాకుండా పోతుంది.

పిల్ల వయసులోనే జబ్బు దొరికితే ఇంకో రెండు ఆపరేషన్లున్నాయి. 12 నుంచి 20 వారాల లోపు కటి ఎముక అడుగు అతుకును వేడితో ముందే మూసేస్తే, ఎముక ఎదిగే కొద్దీ గుంట బంతి మీదికి వంగుతుంది. ఇంకాస్త పెద్దపిల్లకు, వాతం మొదలవకముందు, కటి ఎముకను రెండు మూడు చోట్ల కోసి గుంటను తిప్పి ప్లేటు బిగించే పద్ధతిని 1980ల్లో బార్‌క్లే స్లోకమ్ ప్రాచుర్యంలోకి తెచ్చారు. రెండింటికీ గడువు చాలా తక్కువ. నాలుగు నెలల పిల్లకు తుంటి ఎక్స్‌రే తీయించాలన్న ఆలోచనే మన దగ్గర లేదు కాబట్టి ఇవి పుస్తకాల్లోనే ఉండిపోతున్నాయి.

కత్తి లేని వైద్యం గురించి మాట్లాడితే ముందు చెప్పాల్సింది బరువు. దీని మీద ఉన్నంత బలమైన సాక్ష్యం ఇంకే విషయంలోనూ లేదు. అమెరికాలో 48 ల్యాబ్రడార్ పిల్లలను 24 జతలుగా చేసి, జతలో ఒకదానికి రెండోదాని కంటే 25 శాతం తక్కువ తిండి పెట్టి జీవితాంతం గమనించారు. 2002లో ప్రచురించిన ఆ అధ్యయనంలో తక్కువ తిన్న గుంపు మధ్యస్థ ఆయుష్షు 13 ఏళ్లు, ఎక్కువ తిన్న గుంపుది 11.2 ఏళ్లు. తుంటి వాతం ఎక్స్‌రేలో కనిపించిన మధ్యస్థ వయసు తిండి తగ్గించిన కుక్కల్లో 12 ఏళ్లు, మిగతావాటిలో 6 ఏళ్లు. అదే వంశం, అదే తిండి. మార్చింది గిన్నెలో కొలత ఒక్కటే. ఏ మందూ ఏ ఆపరేషనూ ఆరేళ్ల వెసులుబాటు ఇంత చవగ్గా ఇవ్వలేదు. అన్నం మిగిలిందని మూడు పూటలా పెరుగన్నం, పాల బిస్కెట్లు, పండగ నాడు స్వీట్లు పెట్టే ఇళ్లలో ఈ సంగతి గోడ మీద రాసి పెట్టుకోదగ్గది. పక్కటెముకలు చేతికి తగలాలి, పైనుంచి చూస్తే నడుము కనిపించాలి. అదే కొలమానం.

ఎముక బలానికని కుక్కపిల్లలకు కాల్షియం సిరప్ సీసాలు తాగించడం మన దగ్గర బాగా పాతుకుపోయిన అలవాటు. సరైన కుక్కల ఆహారం తినే పెద్దజాతి పిల్లకు అదనపు కాల్షియం మేలు చేయదు. గ్రేట్ డేన్ పిల్లల మీద నెదర్లాండ్స్‌లో హేజ్‌వింకెల్ బృందం 1980ల్లో చేసిన పరిశోధనలు, అతిగా ఇచ్చిన కాల్షియం ఎముకల ఎదుగుదలనే చెడగొడుతుందని చూపాయి. నార్వేలో నాలుగు పెద్దజాతుల మీద జరిగిన ఇంకో పరిశోధనలో మూడు నెలల లోపు రోజూ మెట్లెక్కిన పిల్లల్లో జబ్బు ఎక్కువగా, మెత్తటి నేల మీద స్వేచ్ఛగా తిరిగిన పిల్లల్లో తక్కువగా కనిపించింది. ఈ విషయంలో డాబా మీద పెరిగే పిల్ల కంటే పెరట్లో మట్టిలో తిరిగే పిల్ల అదృష్టవంతురాలు.

నొప్పి మాత్రల దగ్గర జాగ్రత్త చాలా అవసరం. మనుషుల కోసం మెడికల్ షాపులో అమ్మే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పారాసెటమాల్ మోతాదు మించితే కాలేయం పోతుంది. పశువైద్యుడు మోతాదు లెక్కగట్టి ఇచ్చే కార్‌ప్రోఫెన్, మెలోక్సికామ్ లాంటివే వాడాలి, అవి కూడా రక్తపరీక్షలు చేయించుకుంటూ. చేపనూనెలో ఉండే ఒమేగా-3 కొవ్వులకు కొంత సాక్ష్యం ఉంది. కీళ్ల పొడులకు, ప్లాస్మా ఇంజెక్షన్లకు, మూలకణాల చికిత్సకు జరుగుతున్న ప్రచారమంత సాక్ష్యం ఇంకా లేదు. ఇంట్లో నున్నటి నేల మీద రబ్బరు చాప పరిస్తే ఖరీదైన డబ్బాల కంటే ముందు అదే ఉపయోగపడుతుంది.

ఈ మొత్తం సమస్యకు వేరు పెంపకంలో ఉంది. మన ఊరి కుక్కల్లో ఈ జబ్బు పెద్ద సమస్య కాదు. గ్రేహౌండ్ లాంటి పరుగు జాతుల్లోనూ చాలా తక్కువ. మనిషి ముచ్చట పడి, కండ కోసం, ఆకారం కోసం ఎంచి ఎంచి పెంచిన జాతుల్లోనే ఇది పాతుకుంది. బుల్‌డాగ్‌లలో ఎక్స్‌రే తీయించుకున్నవాటిలో సగానికి పైగా చెడ్డ తుంటులే. మరి మార్చలేమా? అమెరికాలో అంధులకు దారిచూపే కుక్కలను పెంచే ది సీయింగ్ ఐ సంస్థ మార్చి చూపింది. మంచి తుంటి ఉన్న కుక్కలనే జత కట్టిస్తూ పోయి, ఐదు తరాలు కూడా గడవకముందే జర్మన్ షెపర్డ్‌లలో జబ్బును 55 నుంచి 24 శాతానికి, ల్యాబ్రడార్లలో 30 నుంచి 10 శాతానికి దించింది. 1997లో ప్రచురించిన ఈ అంకెలు చాలు. ఆపరేషన్ ఒక కుక్క నొప్పి తీరుస్తుంది. ఎంపిక పుట్టబోయే వందల కుక్కలకు ఆ నొప్పి రానివ్వదు.

మన దేశంలో 2017లో కుక్కల పెంపకం, అమ్మకం మీద కేంద్రం నియమాలు తెచ్చింది. పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి, 8 వారాల లోపు పిల్లను అమ్మకూడదు. కాగితం మీద ఇవి మంచి నియమాలే. వాట్సాప్ గ్రూపుల్లో ఫోటో చూసి, అడ్వాన్సు పంపి, బస్సు పార్సిల్‌లో నెల రోజుల పిల్లను తెప్పించుకునే చోట వాటి జాడ కనిపించదు. నమోదు లేని అమ్మకాలను ఆపాల్సింది ప్రభుత్వమే. తుంటి ఎక్స్‌రే లేని ల్యాబ్, జర్మన్ షెపర్డ్, రాట్‌వైలర్‌లను జత కట్టించకూడదని ఆ నియమాల్లో చేర్చాలి. పోలీసు, సైన్యం కొనే కుక్కపిల్లలకైనా ముందు ఈ షరతు పెడితే పెంపకందారులు దారికి వస్తారు.

అందాకా కొనేవాళ్ల చేతిలో ఒక ఆయుధం ఉంది. ఈసారి కోదాడలోనో, సూర్యాపేటలోనో, హైదరాబాద్‌లోనో ల్యాబ్ పిల్లను చూడ్డానికి వెళ్లినప్పుడు రంగు, తల సైజు, సర్టిఫికెట్ అడిగే ముందు తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు అడగండి. తల్లి ఎదురుగా ఉంటే లేచి నడిపించమనండి, బండలాగుడు బరిలో ఎద్దును చూసిన కళ్లతోనే చూడండి. ఎక్స్‌రే లేదంటే ఆ పిల్లను కొనకండి. ఇప్పటికే ఇంట్లో ఉన్న కుక్క లేవడానికి తటపటాయిస్తుంటే ఈ వారంలోనే డాక్టర్‌కు చూపించి, తుంటి పరీక్ష చేయించండి.